బొటనవేలి పక్కనున్న చోటు

తొంభైల్లో ఓ ఉదయం ఫిల్మ్ నగర్ వెళ్ళే బస్సులో తలనొప్పితో కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఇంకో గంటలో డబ్బింగ్ చెప్పాలి. హీరోయిన్‌కి గొంతివ్వడం అదే మొదటిసారి.

పక్క సీటులోని పెద్దావిడ నా అవస్థ చూసి, చెయ్యి అందుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద వేలు ఆనించింది. శ్రీనగర్ కాలనీలో చైనా సూదుల వైద్యం చేసే డాక్టరు దగ్గర పదేళ్ళుగా పనిచేస్తోందట.

"నొప్పి తలలో కదండీ?" అన్నాను.

"మా ఆయన షూటింగుల లైట్‌మన్. లైటు ఆరితే, తప్పు యాడుందో ఎతుక్కుంట వైరు పట్టుకొని ఎనక్కి పోతడు. ఒంట్ల గూడ గట్లనే తొవ్వలుంటయంటరు చైనోళ్ళు. వాటిల 'చీ' అనే శక్తి పారుతదంట. అది యాడ ఆగితే ఆడ నొప్పి. చూపుడువేలు కాడ మొదలైన తొవ్వ ముక్కు పక్కదాంక పోతది. అందుకే మా డాక్టరు తలనొప్పికి సూది గీడ పెడ్తడు."

నొక్కబోయి ఆగింది.

"కడుపుతో గిట్ల ఉన్నవా బిడ్డా? ఉంటే గీ జాగ ముట్టొద్దు. శక్తి కిందికి దిగుతదంటరు."

నెల తప్పి పది రోజులైంది. మా ఆయనకి కూడా ఇంకా చెప్పలేదు. నేను తల దించుకున్నాను. ఆవిడ నా చేతిని రెండు చేతులతో తీసి నా ఒళ్ళో పెట్టింది. "తలనొప్పిదేముంది, అదే పోతది," అని తన సీసాలోని మంచినీళ్ళు తాగించింది.

తలనొప్పితోనే డబ్బింగ్ చెప్పాను. తెలిసిన విద్యను వాడకుండా ఆగగలిగిన అలాంటి మనిషిని మళ్ళీ చూడలేదు.

ఆవిడ ఆ రోజు నొక్కకుండా వదిలేసిన చోటే, ఇప్పుడు నాకు తలనొప్పి వస్తే మా అమ్మాయి నొక్కుతుంది.