కొసరు రోజు

మా పక్కింటి సారు బుధవారం పొద్దున చనిపోయిండు. రోజూలాగే పాలు పొయ్యనీకి క్యాను పట్టుకొని గడపల నిలబడితే సారు భార్య, అమ్మగారు, ఏడ్చుకుంట చెప్పింది. ఆ దినం నుంచి నాకు ఇంట్ల కాలు నిలుస్తలేదు. కడిగిన గిన్నెలే మళ్ల కడుగుతున్న. సారుకు ఇచ్చిన మాట ఒకటి నిలబెట్టుకోకుండనే ఉండిపోయింది.

సారు ఇబ్రహీంపట్నం బడిల లెక్కలు చెప్పి రిటైరయిండు. కుదురుగా కూసునే మనిషి కాదు. ఊరి చుట్టూ చేన్లు ప్లాట్లయితుంటే పొద్దున్నే పోయి చూసొచ్చేటోడు. "నిన్న కంది ఉన్న కాడ ఇయ్యాల హద్దురాళ్లు మొలిచినయ్ బిడ్డా" అనేటోడు.

నా బిడ్డ పుట్టింది ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన. అంగన్‌వాడీల రాయించేటప్పుడు మా అత్తమ్మ, "నాలుగేండ్లకోపాలి వచ్చే పుట్టినరోజు మనకెందుకే? మార్చి ఒకటి రాయించు" అన్నది. ఏడో తరగతి దాంక చదివినదాన్ని, ఎదురు చెప్పే నోరు లేదు. తలూపిన.

సారుకు తెలిసి కోపమొచ్చింది.

"పాలు కొలిచినంక కొసరు పోస్తవా, లేదా?"

"పోస్త సారూ."

"ఇదీ గంతే. భూమి సూర్యుని చుట్టూ తిరిగొచ్చేసరికి మూడువందల అరవై అయిదు దినాల మీద ఇంచుమించు పావు దినం మిగుల్తది. నాలుగు పావులు కలిపి ఒక దినం పోస్తరు. పొయ్యకపోతే, జూన్‌ల వానలు తెచ్చే మిరుగం కార్తె మూడు వందల ఏండ్లల్ల ఆగస్టుకు జరుగుతది."

"ప్రతి నాలుగేండ్లకూ పోస్తరా?" అని మెల్లగ అడిగిన.

"సరిగ్గ పావు గాదు, జర తక్కువ. అందుకే పందొమ్మిది వందల అసొంటి నూరేండ్ల ఏడు వస్తే ఆపుతరు. నాలుగు వందలతోని భాగం పోతే మళ్ల పోస్తరు. రెండు వేలల్ల పోసిన్రు. కొసరును చిన్నచూపు చూడకు బిడ్డా. బడిల చేర్చే దినం నువ్వే నోరిప్పి చెప్పు."

"చెప్త సారూ" అన్న.

పోయినేడు ఆ తారీకు వచ్చినప్పుడు నా బిడ్డను పిలిచి, "నీకు ఇయ్యాల్టితో ఒక్క ఏడే" అని ఆట పట్టించిండు. "మరి నన్ను బడిల ఎవరు చేర్చుకుంటరు?" అని అది ఏడుపు అందుకున్నది. సారు కంగారుపడి దాని చేతిల నాలుగు చాక్లెట్లు పెట్టిండు. కొసరని ఇంకొకటి పెట్టిండు.

సోమవారం బడికి పోయినం. అంగన్‌వాడీ కాగితం చూసి మేడం మార్చి ఒకటి అని రాస్తున్నది. నేను బల్ల ముందలికి జరిగిన.

"మేడం, అది తప్పు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది."

"అంగన్‌వాడీల రాయించినప్పుడే ఎందుకు చెప్పలే?"

"నోరు రాలే మేడం. ఇప్పుడు చెప్తున్న."

దవాఖాన కాగితం ముందల పెట్టిన. ఆమె నన్ను ఒకపాలి చూసి, రాసింది కొట్టేసింది.

సాయంత్రం పాలు తీస్కొని సారు ఇంటికి పోయిన. గోడకు పోయినేటి క్యాలెండర్ల ఫిబ్రవరి కాగితం ఇంకా ఉన్నది, ఇరవై తొమ్మిది చుట్టూ ఎర్ర పెన్సిల్ గీత. అమ్మగారు గిన్నె పట్టింది. "ఇప్పుడు అర లీటరు చాలు బిడ్డా" అన్నది. అర లీటరు కొలిచి పోసిన. కొసరు పోసిన. పాలు గిన్నె అంచు దాంక వచ్చి, జర ఊగి, నిలిచినయ్.