మేక కథ, ఉన్నదున్నట్టు

నా మాట పూర్తిగా నమ్మే మనిషి సూర్యాపేటలో ఒక్కడూ లేడు. బస్సు పది నిమిషాలు ఆగితే, హైవే రెండు రోజులు మూతబడిందని చెప్పే రకం నేను. అలాంటి నా కూతురికి నాలుగేళ్లు నిండినా ఒక్క మాట రాలేదు. ఆటిజం అన్నారు డాక్టర్లు.

శనివారం శనివారం మిర్యాలగూడ తీసుకుపోయేవాణ్ని. అక్కడ మాటలు నేర్పే టీచరమ్మ ఒక బొమ్మల పుస్తకం ఇచ్చి, రోజూ చదివి వినిపించమన్నది. నాలుగంటే నాలుగు వాక్యాలు. మేక వచ్చింది. మేక ఆకు తిన్నది. మేక గడ్డి తిన్నది. మేక కడుపు నిండింది.

నాకు నాలుగు వాక్యాలు ఏ మూలకు? మొదటి రోజే ఆ మేక మునగాల దాబాలో పదమూడు రొట్టెలు లాగించింది. మర్నాడు లారీలాపి టార్పాలిన్లు నమిలింది. వారం తిరిగేసరికి సూర్యాపేట మార్కెట్లో వడ్ల రాశులన్నీ ఖతం. పాప చెవులు మూసుకునేది. కథలంటే పడదేమో అనుకున్నాను. ఆరు నెలలు అలాగే అనుకున్నాను.

ఒకసారి టీచరమ్మ తన ముందు చదవమన్నది. చదివాను. ఆమె నవ్వలేదు.

"సార్, మీ మేక రోజుకో తీరు తింటున్నది. పాప ఏ మాటని పట్టుకోవాలె? రోజూ అవే మాటలు రావాలె. ఆఖరి మాట మీరు అనకుండ జర ఆగున్రి."

"ఎంతసేపు ఆగాలమ్మా?"

"మీతోని ఎంతసేపు అయితదో, దానికంటే ఎక్కువ."

తిరుగు బస్సులో పాప నా ఒళ్లో కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. ఆరు నెలలుగా ఆ పిల్ల పట్టుకోబోయిన మాటనల్లా లాక్కున్నది నేనే. పెంచి చెప్పడానికి చోటు లేనంత పెద్ద తప్పు.

అప్పటి నుంచి మేక ఆకే తిన్నది, గడ్డే తిన్నది. "మేక కడుపు..." అని ఆగేవాణ్ని. ఆ ఆగడంలో ఒక ప్రాజెక్టు కట్టి, ప్రారంభోత్సవం కూడా చేయొచ్చు. చివరికి నేనే పుస్తకం మూసేవాణ్ని.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అలాగే ఆగాను. "నిండింది" అన్నది పాప. సన్నగా, బొమ్మతో చెప్పినట్టు.

వంటింట్లోకి పరుగెత్తాను. మా ఆవిడది కోదాడ. అంట్లు తోముతున్న చేయి ఆపలేదు.

"మాట్లాడింది. నిండింది అన్నది."

"మీరు చెప్పేదాంట్లో సగం తీసేసి నమ్మడం అలవాటైపోయిందండీ నాకు. ఒక్క మాటలో సగం ఎట్లా తీయను?"

"ఒట్టు."

"ఫ్యాను రెక్క ఊడి పక్క వీధిలో పడిందన్నప్పుడూ ఒట్టే వేశారు."

అయినా చేతులు కడుక్కుని వచ్చి పాప పక్కన కూర్చుంది. చదివాను. మేక కడుపు... ఆగాను. మా ఆవిడ పాప పెదాల వైపే చూస్తోంది. పాప బొమ్మలోని మేక చెవిని వేలితో రుద్దుతోంది.

"ఇంకోసారి చదవండి," అన్నది మా ఆవిడ చాలాసేపటికి, నా వైపు చూడకుండా.

పొద్దుగూకే దాకా పదకొండుసార్లు చదివాను. పెంచి చెప్పడం లేదు. పాప మళ్లీ అనలేదు.