నోటీసులో నేను చదవని వాక్యం

ఆరేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. అది నేను రాసింది కాదు. అన్నదీ కాదు. ఒక మనిషికి చదివి వినిపించాల్సి ఉండి, వినిపించకుండా దాటేసింది. మీరెవరో నాకు తెలియదు. తెలిసిన వాళ్లతో అయితే ఈ మాట మొదలుపెట్టలేకపోయేవాణ్ణి.

నంద్యాలలో గడివేముల రోడ్డు పక్కన మా ఇల్లు. నేను బడిపంతులును. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడాది నా భార్యకు ఊపిరితిత్తుల జబ్బని తేలింది. గాలి బాగా తగిలేచోట పడుకోబెట్టమన్నాడు డాక్టరు. మా ఇంట్లో గాలి వచ్చే కిటికీ ఒక్కటే. అది పక్కింటి దేవదానం ఖాళీ జాగా వైపు ఉంది. ఆమె మంచం దాని కింద వేశాను.

దేవదానం రాతిపని చేసేవాడు. చదువు రాదు. వాళ్లమ్మ మార్తమ్మకు మతి తప్పింది. దేవదానమూ పెళ్లామూ పనికి పోగానే ఆమె కొడవలి పట్టుకుని, కలుపుకు పోవాలంటూ రోడ్డెక్కేది. ఎప్పుడో చచ్చిపోయిన ఆసామి పొలానికి. ఒకసారి బస్సు డ్రైవరే బండి ఆపి, దిగి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ తర్వాత దేవదానం బేతంచెర్ల నుంచి విరిగిన నాపరాళ్లు బండిమీద తెచ్చి, నిలువెత్తున పాతి, తన జాగా చుట్టూ గోడ లేపాడు. రోడ్డు వైపూ, మా వైపూ. కట్టేముందు నన్ను అడిగాడు, మీకేమన్నా అభ్యంతరమా అని. లేదన్నాను. ఉందని ఎట్లా అంటాను?

మా కిటికీకి గాలి ఆగిపోయింది. నా భార్య అప్పుడప్పుడు విసనకర్ర అడిగేది, అంతే.

నెల తిరగకుండానే దేవదానానికి మునిసిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. ఫిర్యాదు నేను చేయలేదు. చాలాకాలం ఈ మాటను అడ్డం పెట్టుకుని బతికాను. ఫిర్యాదు నేను చేయలేదు కదా! పని నుంచి వస్తూనే ఒంటి మీద రాతిదుమ్ముతో అతను మా అరుగు దగ్గరికి వచ్చాడు.

“ఏందో కాగితమిచ్చి పోయినారు అయ్యోరూ. ఏముందో చూడండి.”

ముందు లోలోపల చదువుకున్నాను. తర్వాత చెప్పాను. “రోడ్డు పక్కన అనుమతి లేకుండా గోడ కట్టినావంట. పదిహేను రోజుల్లో తీసేయాలంట.”

“నా జాగాలో నేను కట్టుకుంటే గూడానా?”

“రోడ్డువైపు రాతిగోడ అయితే అడగాల్సిందే. ముళ్లకంచెకు అక్కర్లేదు.”

“కంప మా యమ్మకొక లెక్కనా? కాళ్లు చీరుకపోతాండా దాంట్లోనే దూరి పోతాది.” నా చేతిలో కాగితాన్ని వేలితో చూపించాడు. “ఇంగేమన్నా దారి రాసినారా అయ్యోరూ, దాంట్లో?”

రాశారు. చివర్లో, సంతకం పైన. “సదరు గడువులోగా కొలతలతో నక్షా జతపరచి దరఖాస్తు చేసుకొన్నయెడల అనుమతి విషయము పరిశీలించబడును.”

లోపల నా భార్య దగ్గుతోంది.

“లేదు,” అన్నాను.

“పోనీలే. రాళ్లు పెట్టినకాడ ఉంటాయి, మా యమ్మ మాదిరి లేచిపోవు,” అని నవ్వాడు. నోటీసు నా దగ్గర ఉంచిపొమ్మన్నాను, భద్రంగా ఉంటుందని. నిజానికి, అతను దాన్ని ఇంకొకరికి చూపించకూడదని.

నా భార్య కోసమే చేశానా? అవునని ఎన్నోసార్లు చెప్పుకున్నాను. మరి నేనే ఆ నక్షా గీసిచ్చి, దరఖాస్తు రాసిచ్చి, మావైపు రాళ్లు మాత్రం కాస్త దించుకోమని అడిగి ఉంటే? దించేవాడు. అట్లాంటి మనిషని నాకు తెలుసు. రాళ్లు కొట్టే మనిషిని ఒక సాయం అడగడం నాకు నామోషీ అయింది, అతనితో అబద్ధం చెప్పడం అంతకన్నా సులువనిపించింది. ఇంతకంటే పెద్ద కారణం ఉంటుందేమోనని వెతికాను. దొరకలేదు.

వారంలోపే గోడ దించాడు. రోడ్డువైపు లేనప్పుడు మీవైపు ఎందుకని ఆ రాళ్లూ పీకేశాడు. గాలి వచ్చింది. మర్నాడు పొద్దున కిటికీలోంచి చూస్తే, చెట్టునీడలో మంచంకోడుకు మార్తమ్మను పాత చీరపేలికతో నడుముకు కట్టేసి ఉంచారు. ఆమె ఏడవలేదు. పేలిక సాగినంతమేరా వంగి, ఉత్త నేలమీద లేని కలుపు పీకుతూ ఉంది. పొద్దుగూకేదాకా పీకేది. రోజూ.

“ఆ యమ్మను కట్టేసినారా?” అంది నా భార్య.

“అవును.”

మూడోరోజు కిటికీ మూసేయమంది. గాలి రాదు కదా అన్నాను. వద్దంది. మూశాను. ఆమె పోయేదాకా అది మళ్లీ తెరవలేదు. అరుగు మీద నేనూ దేవదానమూ మాట్లాడుకున్నది ఆమెకు వినబడే ఉంటుంది. కాగితంలో ఏముందో ఆమెకెట్లా తెలుస్తుంది? తెలియదు. కానీ ఆమె నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. అడగకపోవడం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ మరుసటి వానాకాలం మార్తమ్మ పోయింది. ఆ పేలిక విప్పడం అప్పుడే. దేవదానం జాగా అమ్ముకుని, పెళ్లాం పుట్టిల్లని ఆళ్లగడ్డకు వెళ్లిపోయాడు.

రెండేళ్ల కింద, చెప్పేద్దామని బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. నన్ను చూసి అతను పరుగెత్తుకొచ్చాడు. మజ్జిగ ఇప్పించాడు. ఇరుగుపొరుగును పిలిచి, “మా యమ్మ ఉన్నప్పుడు మాకు ఈ అయ్యోరే పెద్దదిక్కు” అన్నాడు. ఇల్లు కట్టుకుంటున్నాడు. లోపలికి పోయి ఒక కాగితం తెచ్చాడు.

“ఈసారి ముందే పర్మిషన్ తీసుకుంటి. ఇచ్చినోళ్లు చదివినారులే. మీరు చదివితే గానీ నాకు నమ్మకం ల్యా.”

చదివాను. ప్రతి అక్షరం. తారీకు, సంతకం, అడుగున సన్నగా అచ్చువేసిన ముద్రణాలయం పేరుతో సహా.

“అచ్చేసినోని పేరు గూడానా అయ్యోరూ!” అని పగలబడి నవ్వాడు. పక్కవాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేశాను.

అంతమంది ముందు అతన్ని చిన్నబుచ్చకూడదని చెప్పలేదనుకున్నాను. అది కూడా అబద్ధమే. అతని ముఖంలో ఆ నమ్మకం పోవడం నేను చూడలేను. నా భార్య పోయాక నన్ను అట్లా చూసే మనిషి అతనొక్కడే మిగిలాడు.

అందుకే నోటితో చెప్పలేనిది రాస్తున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. కానీ దేవదానానికి ఇప్పటికీ చదువు రాదు. ఇది ఎప్పుడైనా అతన్ని చేరితే, ఎవరో ఒకరు చదివి వినిపించాల్సిందే. ఆ చదివేది మీరే అయితే, నెమ్మదిగా చదవండి. ఏ వాక్యమూ దాటేయకండి.