బస్సు దిగినామె అడిగే పేరు

వైరా బస్టాండు వెనుక గది కిరాయికి తీసుకున్నాక, నా భార్య తన టైలరింగ్ షాపుకు పేరు వెతకసాగింది. మా అమ్మ బైబిలు తెరిచి ఒక్కొక్క పేరూ చదివి వినిపించేది. బేతేలు, షాలోము, ఎబినేజరు.

"నోరు తిరగని పేర్లెందుకు అత్తమ్మా? బస్సు దిగినామె జల్దీ అడిగేటట్టుండాలె. 'మంచి కుట్టు' అని పెడత," అంది ఆమె.

అమ్మ నవ్వింది. "కుట్టు మంచిదో కాదో బోర్డు చెప్తదా ఏంది?"

"అవ్, ముందుగాల బోర్డే చెప్పాలె. తర్వాత నా మిషన్ చెప్తది."

నీలం రంగు మీద తెల్లటి అక్షరాలతో ఆ పేరే రాయించాం. షాపు తెరిచేలోగా అమ్మానాన్నల్ని ఒకసారి చూసి వస్తానని ఆమె భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న పుట్టింటికి వెళ్లింది. జ్వరంతో తిరిగొచ్చింది. మలేరియా మెదడుకెక్కిందన్నారు. ఖమ్మం దవాఖానా నుంచి ప్రాణంతో రాలేదు.

గది ఖాళీ చేద్దామంది అమ్మ. నా భార్య పెట్టిన పేరైనా బతకాలని నేను ఒప్పుకోలేదు. బోర్డు నేనే కట్టాను. మిషన్ మీద ఆమె చెల్లెలు కూర్చుంది. పని బాగానే వచ్చేది. ఆ పేరు మాత్రం ఎవరి నోటా వినబడలేదు. ఒక్కరైనా పలుకుతారని చాలాకాలం ఎదురుచూశాను.

ఒకరోజు జాకెట్ గుడ్డల సంచితో బస్సు దిగినామె నన్నే ఆపింది.

"అన్నా, ఆ సచ్చిపోయినామె షాపు ఎటు?"

'మంచి కుట్టు' అని చెప్పబోయాను. చెప్పినా ఆమెకు తెలియదు.

"అదేనమ్మా, నీలం బోర్డుది," అని చూపించాను.