మెరిసే సీటు ఎక్కనంటున్న మా అన్నయ్య

మా చిన్నప్పుడు... అని మొదలుపెట్టే ముందు మా మనవడు కిరణ్‌కి ఒక దిద్దుబాటు. నాయనా, మొన్న ఫ్యామిలీ గ్రూపులో "పెద్ద తాతయ్యకి పాలిష్ వాసన పడలేదు, అందుకే కారెక్కలేదు" అని రాశావు. వాసన కాదు. మా అన్నయ్య ముక్కు పనిచేయడం మానేసి చాలాకాలమైంది. నీ సాక్సులు ఎక్కడెక్కడ పడి ఉంటాయో చూశాక, అది ఆయన అదృష్టమనే అనుకుంటున్నాను. ఆయన భయపడింది మెరుపుకి.

మా నాన్న ఢిల్లీ కంటోన్మెంటులో మిలిటరీ డ్రైవరు. ధౌలా కువాన్‌కి కాస్త ఇవతల మా క్వార్టర్లు. నాన్న నడిపేది ఒక పెద్ద ఆఫీసరుగారి కారు. సీట్లు అసలైన తోలువి, తలుపుల లోపలివైపు రెక్సిన్. ఆ కారులో మేము ఒక్కసారి కూడా కూర్చోలేదు... దాన్ని తుడిచే వైభోగం మాత్రం మాదే.

ఆదివారం పొద్దున్నే కారుని నీడలోకి తెచ్చి, తలుపులన్నీ బార్లా తెరిచి మొదలుపెట్టేవాడు నాన్న. ముందు మెత్తటి బ్రష్షుతో కుట్ల సందుల్లో దుమ్ము దులపాలి. తర్వాత గట్టిగా పిండిన తడిగుడ్డ. ఆ వెంటనే పొడిగుడ్డ. అన్నయ్యా నేనూ నేలమీద నిలబడి, చేతులు మాత్రమే లోపలికి చాపి తుడవాలి. మోకాలు సీటుకి ఆనిందంటే "ఏయ్!" అని వినపడేది.

ఒక ఏడు వేసవి గాడ్పులకి వెనకసీటు తోలు బిరుసెక్కి, సన్నగా పగుళ్ళిచ్చింది. స్టోర్సు నుంచి క్రీము రావాలి, వచ్చేదాకా ఏమీ పూయకూడదన్నాడు నాన్న. ఆగే ఓపిక అన్నయ్యకేదీ? మా ఊళ్ళో కొత్త చెప్పులు కరవకుండా ఆముదం రాసేవాళ్ళు. చెప్పుకి మంచిదైనది సీటుకి చెడ్డదెలా అవుతుంది, తోలు తోలే కదా... ఇదీ ఆ మేధావి తర్కం. మా తలలకని అమ్మ దాచిన సీసా పట్టుకెళ్ళి, నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు సీటంతా పూసేశాడు.

మెరిసింది చూడండీ... అద్దమే! అప్పుడే పిలుపొచ్చి హడావిడిగా బయల్దేరిన నాన్న, కిటికీలోంచి ఓ చూపు చూసి "భలే తుడిచార్రా!" అన్నాడు. అన్నయ్య కాలు నేలమీద నిలవలేదు.

మేమ్‌సాబ్, అంటే ఆఫీసరుగారి భార్య, ఆ రోజు తెల్ల పట్టుచీర కట్టుకుని ఏదో విందుకి వెళ్ళారు. పదిమంది ముందు కారు దిగాక తెలిసింది, చీర వెనక ఆముదం ఎంత పెద్ద పటం గీసిందో.

మర్నాడు ఆఫీసరుగారు మా క్వార్టరు ముందే నాన్నని నిలబెట్టి, అది పూసిందెవరని అడిగారు.

"కిస్‌నే లగాయా?"

"మైనే, సాబ్," అని తనే పూసినట్టు ఒప్పేసుకున్నాడు నాన్న.

అన్నయ్య నా పక్కనే ఉన్నాడు. ఒక అడుగు ముందుకేసి, మళ్ళీ నా వెనక్కి వచ్చేశాడు.

నాన్నని కారు మీద నుంచి తీసేసి నీళ్ళ లారీ మీద వేశారు. కొన్నాళ్ళకి ఎక్కడో సరిహద్దుకి పంపేశారు. మేం ఇక్కడ, ఆయన అక్కడ. వెళ్ళేటప్పుడు కూడా అన్నయ్యని ఒక్క మాట అనలేదు. రెండు తగిలించి ఉంటే అన్నయ్య మనసులో ఆ తప్పు అక్కడితో తీరిపోయేది.

అన్నయ్య ఇంజనీరయ్యాడు. కార్లు కొన్నాడు. అన్నీ గుడ్డ సీట్లవే. వదిన తోలు సీట్లు ముచ్చటపడితే "చెమట పోస్తాయి" అనేవాడు.

ఇప్పుడు ఫరీదాబాద్‌లో మా దగ్గరే ఉంటున్నాడు. పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, కంటోన్మెంటు గుర్తుంటుంది. చూపు కూడా తగ్గిపోతోంది. వేళకి కంట్లో ఇంజక్షన్ పడితే ఉన్నదైనా నిలుస్తుందట. మొన్న అందుకే బయల్దేరాం. పెద్ద తాతయ్య కోసమని కిరణ్ ముందురోజే యాప్‌లో బుక్ చేసి, ఒక షాపులో కారు లోపలంతా క్లీనింగ్ చేయించి తెచ్చాడు.

"అమ్మమ్మా, ప్రీమియం కోటింగ్! ఇంక లెదర్ క్రాక్ అవదు. షైన్ తో దేఖో, ఎలా మెరుస్తోందో!"

అన్నయ్య చూశాడు. తలుపు పట్టుకుని ఆగిపోయాడు.

"నేనెక్కను చిట్టీ. నాన్నని పంపేస్తారు."

"ఎవరూ పంపరు. ఎక్కన్నయ్యా."

"ఆముదం రాశారు దీనికి."

"రాయలేదు. ఇదిగో, నేను కూర్చుంటాను చూడు."

కూర్చున్నాను. ఆయన నా చెయ్యి పట్టి లాగాడు.

"లే, లే! వెనక్కి తిరుగు. చీర చూడనీ."

ఈ వయసులో, మా అపార్ట్‌మెంట్ల సొసైటీ పార్కింగులో, గార్డు నోరెళ్ళబెట్టి చూస్తుండగా వెనక్కి తిరిగి నిలబడ్డాను. నాది ముదురు వక్కరంగు చీర. అన్నయ్య దాన్ని చేత్తో తడిమాడు, వంగి కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"కనపడట్లేదే..." అన్నాడు.

మచ్చ కనపడట్లేదన్నాడో, చీరే కనపడట్లేదన్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఎక్కలేదు. క్యాబ్ పిలిస్తే, దాని సీట్లకి ప్లాస్టిక్ కవర్లు తళతళలాడుతూ వచ్చాయి. అదీ ఎక్కలేదు. డాక్టరుగారు మళ్ళీ మంగళవారం రమ్మన్నారు. అదీ తప్పితే ఆ కళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దన్నారు.

అప్పట్లో తుడిచేది మేము, ఎక్కేది వేరేవాళ్ళు. ఇప్పుడు కారు మనది, తుడవడానికి యాప్ ఉంది... ఎక్కడానికి మా అన్నయ్యకి మాత్రం ఇంకా అనుమతి రాలేదు. మీ ఇళ్ళల్లోనూ ఇలా ఎక్కడో ఆగిపోయిన పెద్దవాళ్ళుంటే, వాళ్ళని ఎలా దాటించారో రాయండి. మంగళవారం లోపల రాస్తే మరీ మంచిది.

కిరణ్, నువ్వు రేపే ఆ షాపుకి వెళ్ళు. ఆ మెరుపు తీసేసి, మెరవని క్రీము పల్చగా రాయమను. వచ్చేటప్పుడు బజార్లో వెనకసీటుకి సరిపడా ఒక నూలు దుప్పటి కొను. తెల్లది. చారలు, పువ్వులు ఉన్నాయంటే తిరిగి పంపిస్తాను. మచ్చ పడలేదని మీ పెద్ద తాతయ్య తన కళ్ళతో తనే చూసుకోగలిగేంత తెలుపు కావాలి.