ఆలూరు ఇన్వర్టరు మీద నేను చేయని సంతకం

2016 ఎండాకాలంలో కడప పారిశ్రామికవాడలోని ఒక చిన్న ఇన్వర్టర్ల కంపెనీలో నన్ను డిజైన్ విభాగానికి అధిపతిగా వేశారు. సోలార్ పలకల కరెంటును గ్రిడ్డుకు, అంటే కరెంటు శాఖ వారి లైనుకు, కలిపే యంత్రం తయారుచేయడం మా పని. పాత రకంలో నలుగురు మోసే ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. మాది హై ఫ్రీక్వెన్సీ రెజొనెంట్ రకం. కరెంటును సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతాం కనుక చిన్న ట్రాన్స్‌ఫార్మరే చాలు. కాయిలుకూ కెపాసిటరుకూ శ్రుతి కుదిర్చి, కరెంటు సున్నాకు వచ్చిన క్షణంలోనే స్విచ్చు పడేలా చూస్తాం. దానివల్ల యంత్రం వేడెక్కదు. మా ఎండలకు అది అవసరం.

మొదటి పెద్ద యంత్రం ఆలూరులోని ఒక పత్తి మిల్లుకు వెళ్లింది. ఎండ ముదిరేసరికి రోజూ ఆగిపోయేది. లైను పోయినా, వోల్టేజి హద్దు దాటినా యంత్రం తనంతట తానే ఆగాలి. అందులో మేం పెట్టిన రక్షణ అదే. మిల్లు యజమాని ఫోన్లు పడలేక మా కంపెనీ యజమాని శెట్టిగారు నన్ను పిలిపించారు.

"ఆ రక్షణ తీసేయండి షమీమ్ మేడం. మీరొక సంతకం పెడితే అయిపోతాది" అన్నారు.

చూడకుండా పెట్టనని చెప్పి ఆలూరు వెళ్లాను. మిల్లు ఊరి చివర, సన్నని పొడవాటి లైనుకు కొసన ఉంది. మధ్యాహ్నం మా యంత్రం నిండుగా కరెంటు పోస్తే ఆ కొసన వోల్టేజి పెరిగిపోతోంది. యంత్రం ఆగడంలో తప్పు లేదు. రక్షణ తీసేసే మాట ఎత్తగానే అక్కడి లైన్‌మన్ ఈరన్న ఉలిక్కిపడ్డాడు.

"ఎల్సీ, అదే లైను ఆపినట్టు పర్మిషను, తీస్కోని, లైను ఆఫైందనే నమ్మకంతో స్తంభం ఎక్కుతామమ్మా. మీ మిషను ఈడ్నించి కరెంటు తోస్తాంటే మా గతేం కావాల?"

కడపకు తిరిగొచ్చి శెట్టిగారితో సంతకం పెట్టనన్నాను.

"మీరు గాకుంటే పెట్టేవాళ్లు శానామంది ఉండారు."

"పిలిపించండి సార్. ముందు మీరొకసారి టెస్టింగ్ గదికి రండి."

రక్షణ లేని ప్రోగ్రాం ఎక్కించి, యంత్రం ఇచ్చే కరెంటుకు సరితూగేలా బల్బుల లోడు పెట్టాను. మెయిన్ స్విచ్చు ఆయన చేతనే తీయించాను. బల్బులు ఆరలేదు. యంత్రం తానే గ్రిడ్డై వెలిగిస్తోంది.

"లైను ఆఫైంది సార్. ఇప్పుడా తీగ పట్టుకోండి. మీరు పట్టుకుంటే నేను సంతకం పెడతా."

ఆయన చేయి చాస్తే నొక్కడానికి నా చేయి ఎమర్జెన్సీ బటన్ మీద ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయన తీగ వైపు చూశారు, నా వైపు చూశారు, చేతులు వెనక్కి పెట్టుకుని బయటికి నడిచారు.

రక్షణ అలాగే ఉంచి, వోల్టేజి పెరిగేకొద్దీ యంత్రం కరెంటు తగ్గించుకునేలా ప్రోగ్రాం మార్చాను. కరెంటు శాఖ వారు ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ ఒక మెట్టు దించి ఆ లైనులో వోల్టేజి కొంత తగ్గించారు. ఆగడం ఆగింది. మధ్యాహ్నం కొంత ఉత్పత్తి తగ్గిందని మిల్లు యజమాని సణిగాడు. తగ్గుతుందని నేను ముందే చెప్పాను.

డిజైన్ పదవి మరొకరికిచ్చి, నన్ను టెస్టింగుకు మార్చారు. రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నాను. ఆ గదిలో ప్రతి యంత్రానికీ మెయిన్ స్విచ్చు తీసి చూశాను. తనంతట తాను ఆగనిదాన్ని గేటు దాటనివ్వలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. యంత్రం ఆగుతోందంటే కారణం వెతకండి, ఆపే రక్షణ జోలికి పోకండి. దాన్ని తీసేయమని ఎవరు ఒత్తిడి చేసినా కుదరదని చెప్పండి. పదవి పోవచ్చు. నాది పోయింది, పని మాత్రం ఆగలేదు.