మామిడి పెట్టెలో ఓటీపీ

నా ఇంటర్ అయిన వేసవిలో, కాలేజీ స్కాలర్‌షిప్ దరఖాస్తుకి ఆఖరి రోజున నాన్నా నేనూ ఆగిరిపల్లి నెట్ సెంటర్‌కి వెళ్లాం. అంతా నింపాక, ఓటీపీ నాన్న ఫోన్‌కి వస్తుందన్నారు. నాన్న జేబులు తడుముకుని తెల్లబోయారు.

"పొద్దున మామిడికాయల మీద గడ్డి సర్దుతూ ఫోన్ పెట్టెలోనే వదిలేశానే!"

ఆ పెట్టె అప్పటికే లారీ ఎక్కేసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. సెంటరాయన ఫోన్ నుంచి నాన్న నంబర్‌కి చేస్తూనే ఉన్నాను. చివరికి హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆగిన లారీ డ్రైవర్ ఎత్తాడు.

"ఎవరమ్మా? నా లోడులో మామిడికాయలు మోగుతున్నాయేంటి!"

విషయం చెప్పి, మళ్లీ ఓటీపీ పంపిస్తే నవ్వుతూనే అంకెలు చదివాడు.

స్కాలర్‌షిప్ వచ్చింది. ఈ ఏడు తొలికోతలో ఆ డ్రైవర్‌కి ఓ పెట్టె రసాలు పంపించాం. మూత మాత్రం అమ్మే వేసింది, నాన్న ఫోన్ తన చేతిలో పెట్టుకుని మరీ.